నీలం డ్రమ్ము

కనిగిరిలో పామూరు బస్సులాగే చోట
నా సెల్లు రిపేరు కొట్టు.
గడప పక్కన నీలం డ్రమ్ము,
ఒకప్పుడు ట్యాంకరు నీళ్లు పట్టిందే.
మూత మీద పెయింటుతో నేనే రాశాను:
పాడైన సెల్లులు, చార్జర్లు, బ్యాటరీలు ఇందులో వేయండి.
డబ్బులు ఇవ్వబడవు.
ఆఖరి ముక్క దగ్గర నవ్వి
చాలామంది బస్సెక్కేశారు.

మొదటి నెలంతా కలిపి
రెండు ఇయర్‌ఫోన్లు, ఓ రిమోటు,
ఎవరో తాగి పడేసిన కొబ్బరిబోండాం.

కాగితాలు పంచాను.
సీసం అన్నాను, పాదరసం అన్నాను,
భూమాత అని కూడా రాశాను, సిగ్గులేకుండా.
పక్కబండి మస్తాన్‌వలి
వాటిలోనే మిరపకాయ బజ్జీలు కట్టిచ్చాడు.
నూనె మరకలోంచి
పాదరసం మెరుస్తా కనపడేది.

స్టీలు గ్లాసు ఇస్తానన్నాను.
వచ్చారు. బస్సు దిగి మరీ వచ్చారు.
గ్లాసులు అయిపోయిన రోజు ఆగారు.
తప్పేముంది?
గ్లాసు చేతికి తగులుతుంది,
సీసం తగలదు.

పదకొండేళ్లుగా విప్పుతున్నాను,
ఏ మర ఎటు తిరుగుతుందో వేలికి తెలుసు.
మనిషి దేనికి తిరుగుతాడో
అది మాత్రం అంతుబట్టలా.

చిన్నప్పుడు నా మార్కాపురం పలక పగిలితే
మా అక్క కోలమ్మ ముక్క ఏరుకుని
తొక్కుడుబిళ్ల చేసుకుంది.
వానలకి అది మట్టిలోకి దిగిపోయింది,
వచ్చిన దోవనే పోయినట్టు.
ఇప్పుడు నా బల్ల మీద
అద్దం చిట్లిన పలకలు పదహారు.
ఏ పిల్లా వీటితో తొక్కుడుబిళ్ల ఆడదు.
మట్టి కూడా వీటిని
తనలో కలుపుకోదు.

ఒక సాయంత్రం డిగ్రీ చదివే పిల్ల,
చున్నీ కొంగులో చుట్టి తెచ్చింది.
డ్రమ్ములో వెయ్యలేదు. నా చేతికీ ఇవ్వలేదు.
"అన్నా, ఇందులో నా ఫొటోలున్నాయి."
రెండేళ్లు బట్టల కింద దాచిందంట.
బ్యాటరీ పీకి, లోపలి చిప్పు ఊడదీసి
ఆమె చూస్తుండగా డ్రిల్లుతో తూట్లు పొడిచాను.
ఒకటి చాలు.
ఆమె మూడు పొడిపించింది.
మర్నాడు హాస్టలు నుంచి ఆరుగురు.
గ్లాసు మాట ఎవరూ ఎత్తలేదు.
ఆ రాత్రి మూత మీద ఆఖరి ముక్క చెరిపి రాశాను:
మీ కళ్లముందే పగలగొట్టబడును.

ఇక తిరుపాలు.
మోకాళ్లు చెరోపక్కకి వంగిన మనిషి,
విల్లులా అంటారు గానీ
విల్లుకి ఇంత నొప్పి ఉండదు.
యూరియా సంచి మోసుకుని దిగాడు,
నిండా ఉబ్బిన బ్యాటరీలు, తెగిన వైర్లు.
ఊళ్లో ఎండిన బోరు గొట్టంలోకి
పిల్లలు ఇవి జారవిడుస్తున్నారంట,
అడుగున టప్‌మని శబ్దం వస్తుందని.

"ఇయి నీళ్లలోకి దిగుతాయా అబ్బయ్యా?"
దిగుతాయి.
"ఎన్నాళ్లకి?"
తెలీదన్నాను.
కాసేపు తన కాళ్లకేసి చూసుకున్నాడు.
"మా బోరు నీళ్లు బో తేటగా ఉండేయి.
మాయమ్మ నమ్మి తాపింది."

నా కాగితం ఆయనకి చదవరాదు.
నేను రాసిందంతా
ఆయన ఎముకల్లో ముందే అచ్చయింది.

పోతా పోతా డ్రమ్ములో చెయ్యిపెట్టి
"పనిచేసేదొకటి ఉంటే ఇవ్వు, మా కోడలికి" అన్నాడు.
వెతికి ఓ చార్జరు ఇచ్చాను.
అప్పటినుంచి నెలకో సంచి.
ప్రతి సంచికీ ఓ చార్జరు పోతుంది,
కోడళ్లు ఎందరున్నారో అడగలేదు.

డ్రమ్ము నిండినప్పుడల్లా ఒంగోలు బండి వస్తుంది,
తూకం వేసుకుని రసీదు ఇస్తుంది.
కొందరికి ఆ రసీదు చూస్తే చాలు.
మస్తాన్‌వలి మాత్రం
అందరూ వేస్తున్నారని వేశాడంట.
అంతే. దానికి మించి కారణం లేదు.

నా సొరుగులో ఒకటుంది.
కొట్టు తెరిచిన రోజు నాకు తొలిసారి
లొంగని సెల్లు. యజమాని మళ్లీ రాలేదు.
బాగుచేద్దామనే ఉంచాను, ఇన్నేళ్లు.
మొన్న చిల్లర కోసం సొరుగు లాగితే
తిరుపాలు చూశాడు.
ఏమీ అనలేదు.
నీలం మూత కొంచెం పక్కకి జరిపి
బస్సు కోసం వెళ్లి నిలబడ్డాడు.